బండి చుట్టూ పనిచేసే లేబర్‌కి సేఫ్టీ ట్రైనింగ్: వీడియో, సంతకం కాకుండా అసలు ఏం నేర్పాలి?

సివిల్_చైతన్య
సంగారెడ్డి వైపు ఒక అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ పనిలో సైట్ ఇంజినీర్‌ని. రెండు పొక్లెయిన్లు, ఒక జేసీబీ, ఒక హైడ్రా (బరువు ఎత్తుకుని నడిచే క్రేన్), మట్టి తోలడానికి టిప్పర్లు ఉన్నాయి. వీటి చుట్టూ కాలినడకన తిరిగేవాళ్లు అరవై మంది దాకా ఉంటారు. పైపులు దించేవాళ్లు, లెవెల్ చూసేవాళ్లు, గోతిలో దిగి అడుగు సరిచేసేవాళ్లు. సగం మంది పాలమూరు వైపు వాళ్లు, మిగతావాళ్లు ఒడిశా, బిహార్.

కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ ఇండక్షన్ అని అరగంట ఇంగ్లిష్ స్లైడ్లు చూపిస్తారు. రిజిస్టర్‌లో సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. హెల్మెట్, జాకెట్ ఇచ్చి పనిలోకి పంపిస్తారు. పోయిన వారం ఒక హెల్పర్ నీళ్ల బాటిల్ కోసం పొక్లెయిన్ వెనక్కి వెళ్లాడు. బండి తిరిగింది. దాని వెనక ఉండే బరువు దిమ్మ, అంటే కౌంటర్ వెయిట్‌కీ పైపుల దొంతరకీ మధ్య నలిగిపోయేవాడే, మేస్త్రీ గట్టిగా కేక వేస్తే బయటపడ్డాడు. ఇండక్షన్‌లో ఏం చెప్పారని తరవాత అడిగాను. "హెల్మెట్ పెట్టుకోమన్నారు సార్" అన్నాడు. అంతకుమించి అతనికేమీ గుర్తులేదు.

మేనేజర్‌తో మాట్లాడితే ఒక పూట పని ఆపడానికి ఒప్పుకున్నారు. ఆ పూటలో ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి? సొంతంగా చేసినవాళ్లు చెప్పండి. స్లైడ్లు నా దగ్గర చాలా ఉన్నాయి, అవి వద్దు.

పొక్లెయిన్_శీను
ఆపరేటర్‌ని నేను. ముందు ఒక్కొక్కరినీ క్యాబిన్‌లో కూర్చోబెట్టండి సార్. బకెట్ నేల మీద పెట్టించి, ఇంజిన్ ఆపి, తాళం చెవి మీ జేబులో వేసుకోండి. మిగతావాళ్లను బండి చుట్టూ దూరం దూరంగా నిలబెట్టి, లోపల కూర్చున్నవాణ్ణి ఎంతమంది కనిపిస్తున్నారో లెక్కపెట్టమనండి.

పొక్లెయిన్‌లో క్యాబిన్ ఎడమ పక్కన ఉంటుంది. కుడి పక్కంతా బూమ్ అడ్డం. వెనకాల ఇంజిన్, కౌంటర్ వెయిట్. అద్దాలు ఉంటాయి కానీ దుమ్ము పట్టి ఉంటాయి, లేదంటే కొమ్మ తగిలి వంగిపోయి ఉంటాయి. కింద నిలబడ్డవాడికి నా తల కనిపిస్తుంది కాబట్టి నాకు కూడా వాడు కనిపిస్తున్నాడని అనుకుంటాడు. ఒక్కసారి నా సీట్లో కూర్చుంటే ఆ భ్రమ పోతుంది.

సేఫ్టీ_రమణ
శీను చెప్పిందే అసలైన ట్రైనింగ్. వైజాగ్‌లో మేము ఇదే టిప్పర్‌తో చేస్తాం. బంపర్‌కి ఆనుకుని ముందు ఒకరిని కూర్చోబెడతాం, ఎడమ తలుపు కింద ఒకరిని, వెనక డాలా (మట్టి పోసే తొట్టి) దగ్గర ఇద్దరిని. డ్రైవర్ సీట్లో కూర్చున్న లేబర్ ఆ నలుగుర్నీ చూడలేడు. కిందికి దిగాక ఎవరికీ ఉపన్యాసం చెప్పాల్సిన పని ఉండదు. తరవాత సున్నం తీసుకుని, కనపడని చోటంతా నేల మీద గీత గీయిస్తాం. అదీ లేబర్ చేతే. వాళ్లు గీసిన గీత వాళ్లకు గుర్తుంటుంది.

కాంట్రాక్టర్_కేఎమ్ఎమ్
అందరూ బాగానే చెబుతున్నారు. పొక్లెయిన్ గంటల లెక్కన అద్దెకు వస్తుంది. ఒక పూట ఆపితే ఆ గంటలు ఎవరి ఖాతాలో? అరవై మంది కూలీ ఎవరిస్తారు? పైగా ఎంత చెప్పినా వీళ్లు వినరు. హెల్మెట్ ఇస్తే బోర్లించి దాని మీద కూర్చుంటారు. ఖమ్మంలో చిన్న కాంట్రాక్టులు చేసుకునేవాణ్ణి, నా బాధ కూడా అర్థం చేసుకోండి.

పాలమూరు_బిడ్డ
@కాంట్రాక్టర్_కేఎమ్ఎమ్ మా నాయన మట్టిపనికి బొంబాయి దాకా పోయిండు. నేను చదువుకుని ఈ లైన్‌లోనే సూపర్‌వైజర్ అయ్యాను. "వినరు" అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నా. ఎండలో హెల్మెట్ లోపలి పట్టీ తెగిపోయి నెత్తికి గుచ్చుకుంటే ఎవరు పెట్టుకుంటారు అన్నా? పట్టీ బాగున్న హెల్మెట్ ఇచ్చి చూడండి. ట్రైనింగ్ పూటకు కూలీ కట్ చేస్తే ఆ ట్రైనింగ్ శిక్ష లెక్క అనిపిస్తది. కూలీ ఇచ్చి, చాయ్ ఇచ్చి కూర్చోబెడితే ఎందుకు వినరు?

సివిల్_చైతన్య
కూలీ పూర్తిగా ఇస్తున్నాం. ఆ మాట ముందే మేనేజర్‌తో ఒప్పించుకున్నాను.

రిగ్గర్_అప్పారావు
హైడ్రా గురించి ఎవరూ మాట్లాడలేదు. నా లెక్కలో సైట్ మీద మనిషిని మింగే మొదటి బండి అదే. బరువు ఎత్తి అలాగే నడుస్తుంది కదా, పైపు ఊగకుండా ఒక హెల్పర్ చేత్తో పట్టుకుని పక్కనే నడుస్తాడు. పాత మోడల్ హైడ్రాలో బూమ్, ఎత్తిన సరుకు రెండూ కలిసి డ్రైవర్ చూపుకి అడ్డం. హెల్పర్ కాలు జారినా, రాయి తట్టుకుని పడినా ముందు టైరు కిందకే. డ్రైవర్‌కి తెలియను కూడా తెలియదు.

నేర్పాల్సింది ఒకటే. సరుకుని చేత్తో పట్టుకోకూడదు. రెండు చివర్లా తాడు కట్టి, దూరంగా ఉండి తాడు పట్టుకోవాలి. టైరుకీ సరుకుకీ మధ్య మనిషి ఉండకూడదు. ఆ తాడు చేతికి చుట్టుకోకూడదు, చుట్టుకుంటే సరుకుతో పాటు నిన్నూ లాగేస్తుంది. దీన్ని మాటల్లో చెప్పకండి, ఖాళీ పైపు ఒకటి ఎత్తించి ఒక్కొక్కరి చేత పట్టించండి.

సేఫ్టీ_రమణ
అప్పారావు గారి మాటకి ఒకటి కలుపుతాను. చాలా పెద్ద కంపెనీలు పాత రకం హైడ్రాలను సైట్‌లోకి రానివ్వడం మానేశాయి. క్యాబిన్ ముందుకి ఉండే కొత్త రకాలు వచ్చాయి. చైతన్యా, మీ హైడ్రా ఏ రకమో చూడు. పాతదైతే పైపులు మోయించే దూరం తగ్గించు. పైపులను గోతి వెంబడే ముందుగా దింపించుకుంటే హైడ్రా సరుకుతో నడిచే పనే సగానికి సగం పోతుంది.

నల్లరేగడి
గోతి లోతెంత?

సివిల్_చైతన్య
కొన్ని చోట్ల రెండున్నర మీటర్లు, మ్యాన్‌హోల్ దగ్గర మూడు దాటుతుంది. పైన మొరం, కింద నల్లరేగడి.

నల్లరేగడి
అయితే మీకు బండి కంటే ముందు గోతి గురించి ట్రైనింగ్ కావాలి. తవ్వకాల భద్రతకి మన దేశ ప్రమాణం ఐఎస్ 3764 ప్రకారం 1.5 మీటర్లు దాటితే షోరింగ్ (గోడలు కూలకుండా పలకల ఊతం) కట్టాలి, లేదా పక్కలను వాలుగా కొట్టాలి. నల్లరేగడి ఎండాకాలంలో బీటలు వారుతుంది, వాన పడగానే ఆ బీటల వెంట పెళ్లలు పెళ్లలుగా ఊడిపడుతుంది. ఒక ఘనపు మీటరు మట్టి తక్కువలో తక్కువ ఒకటిన్నర టన్ను బరువు. ఛాతీ దాకా కప్పేస్తే చాలు, తల బయటే ఉన్నా ఊపిరి తీసుకోలేడు.

పైగా తీసిన మట్టిని అంచు మీదే పోస్తారు. ఆ మట్టి పక్కనే పొక్లెయిన్ నిలబడుతుంది. రెండింటి బరువూ గోడ మీదే. బండి కదిలినప్పుడల్లా వచ్చే అదురు వేరే. లోపల మనిషి ఉండగా బండి అంచుకి రాకూడదు, బకెట్ అతని తల మీదుగా తిరగకూడదు. ఆపరేటర్‌కీ, లోపల ఉన్నవాడికీ ఇద్దరికీ ఇది కలిపి నేర్పాలి, విడివిడిగా కాదు.

హ్యూస్టన్_కృష్ణ
ఇక్కడ అమెరికాలో ఓషా (కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన కూడా అయిదు అడుగులు, అంటే దాదాపు అదే 1.5 మీటర్లు. నాలుగు అడుగులు దాటితే నిచ్చెన ఉండాలి, గోతిలో ఎక్కడున్నా పాతిక అడుగుల లోపు నిచ్చెన అందాలి. తీసిన మట్టి అంచు నుంచి కనీసం రెండు అడుగుల దూరం. మా దగ్గర ఎక్కువ మంది లేబర్ స్పానిష్ మాట్లాడేవాళ్లు. ట్రైనింగ్ కార్మికుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని ఓషా స్పష్టంగా చెప్పింది. ఇంగ్లిష్‌లో చెప్పి సంతకం తీసుకుంటే ఇన్‌స్పెక్షన్‌లో ఆ కాగితం నిలబడదు.

కాంట్రాక్టర్_కేఎమ్ఎమ్
అమెరికా సంగతులు ఇక్కడ ఎందుకు బ్రదర్. ఇక్కడ ఎవరు వచ్చి చూస్తారు?

దుబాయ్_ఫోర్‌మ్యాన్
అమెరికా వద్దంటే గల్ఫ్ చూడండి అన్నా, మన జగిత్యాల, నిజామాబాద్ వాళ్లే అక్కడ పనిచేసేది. బ్యాంక్స్‌మ్యాన్ (బండికి సిగ్నల్ ఇచ్చే మనిషి) లేకుండా ఏ బండీ రివర్స్ చేయదు. రిగ్గర్‌కి (సరుకు కట్టి ఎత్తించేవాడికి), ఆపరేటర్‌కి వేరే సంస్థ పరీక్ష పెట్టి కార్డు ఇస్తుంది. సౌదీలో అరాంకో చమురు కంపెనీ పనుల్లో రిగ్గర్లకే మూడు లెవెల్స్ ఉన్నాయి. అదే మనిషి ఊరికి వచ్చి ఇక్కడ పని చేస్తే తాడు లేకుండా చేత్తో పైపు పట్టుకుంటాడు. మనిషి ఒకడే, సైట్ మారింది. అందుకే "వీళ్లు వినరు" అనే మాటను నేను ఒప్పుకోను.

అన్నీ బాగున్నాయని కూడా అనను. కార్డు డబ్బిచ్చి తెచ్చుకున్నవాళ్లనూ చూశాను. కార్డు ఉన్నా సరే, సైట్‌లో మళ్లీ ఒకసారి చేయించి చూడాలి.

పొక్లెయిన్_శీను
సిగ్నల్ విషయం తప్పక పెట్టండి సార్. మా కష్టం ఏమిటంటే అయిదుగురు అయిదు రకాలుగా చేతులు ఊపుతారు. మేస్త్రీ రమ్మంటాడు, సూపర్‌వైజర్ ఆగమంటాడు, పక్కన ఇంకొకడు విజిల్. ఒక బండికి ఒకే సిగ్నల్ మనిషి ఉండాలి, అతని జాకెట్ రంగు వేరేగా ఉండాలి. ఆపు అనే సిగ్నల్ మాత్రం ఎవరిచ్చినా ఆపాల్సిందే, ఎవరని చూడకూడదు. సిగ్నల్ మనిషి నాకు కనపడకపోతే నేను ఆపేస్తాను. ఈ మాట లేబర్‌కీ తెలియాలి. లేకపోతే బండి ఎందుకు ఆగిందో తెలియక దగ్గరికి వచ్చి చూస్తారు.

సేఫ్టీ_రమణ
సిగ్నల్ మనిషి నిలబడే చోటు కూడా నేర్పాలి. రివర్స్ చేసే టిప్పర్‌కి సరిగ్గా వెనక నిలబడి "రా రా రా" అంటూ వెనక్కి నడిచేవాళ్లను ఎంతమందిని చూశానో. డ్రైవర్ అద్దంలో కనిపించేలా పక్కకు ఉండాలి. వెనక్కి నడుస్తూ సిగ్నల్ ఇవ్వకూడదు, వెనకాల గుంత ఉందో రాయి ఉందో అతనికి తెలియదు.

రివర్స్ హారన్ పనిచేస్తోందా లేదా అనేది రోజూ పొద్దున చూడాలి. అది ఉన్నంత మాత్రాన సరిపోదు. నాలుగు బండ్లు ఒకేసారి కూస్తుంటే మధ్యాహ్నానికి ఎవరి చెవికీ అది ఎక్కదు.

లక్ష్మి_క్వాలిటీ
టిప్పర్లకి పాటల హారన్లు పెట్టించుకుంటారు కదా, అవి తీయించండి. మా సైట్‌లో ఒక బండి రివర్స్ అయితే భక్తి పాట వచ్చేది. లేబర్ చేతులు జోడించేవాళ్లు కానీ పక్కకు జరిగేవాళ్లు కాదు.

పాలమూరు_బిడ్డ
🙏😀 ఇది నేనూ చూశాను.

లక్ష్మి_క్వాలిటీ
ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. ఈ థ్రెడ్‌లో ఇంతవరకు అందరూ "వాడు, అతను" అంటున్నారు. మట్టిపనిలో సగం ఆడవాళ్లే. చీర మీద మగవాళ్ల షర్టు తొడుక్కుని పనిచేస్తారు, కొంగు లోపలికి దోపుకుంటారు. దాని మీద జాకెట్ ఇస్తే పెద్ద సైజు ఒకటే ఉంటుంది, అది వేలాడుతూ ఉంటుంది. మిక్సర్ దగ్గర, రోలర్ దగ్గర అదే చిక్కుకుంటుంది. ఆడవాళ్ల సైజు జాకెట్లు తెప్పించండి.

రెండోది పిల్లలు. తల్లి పని దగ్గర చెట్టుకు ఉయ్యాల కడుతుంది. నడక వచ్చిన పిల్ల తల్లిని వెతుక్కుంటూ బండ్ల మధ్యకి వచ్చేస్తుంది. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలో యాభై మంది కంటే ఎక్కువ ఆడవాళ్లు ఉంటే పిల్లల కోసం గది పెట్టాలని ఉండేది. యాభై లేకపోయినా ఒక గది, చూసుకోడానికి ఒక పెద్దావిడ, ఆవిడకి కూలీ. నేను పనిచేసే చోట అలా చేయించాను. తల్లులు ఇప్పుడు బండి వైపు చూసి పనిచేస్తారు, పిల్ల వైపు కాదు.

సివిల్_చైతన్య
@లక్ష్మి_క్వాలిటీ మేడమ్, ఇది నా లిస్టులో అసలు లేదు. మా దగ్గర పిల్లలు ఎనిమిది మంది దాకా ఉంటారు. రేపే మాట్లాడతాను.

లైన్_సూరి
కరెంటు డిపార్ట్‌మెంట్ నాది. మీ రోడ్డు మీద 11 కేవీ లైన్ ఉందా చూసుకోండి. టిప్పర్ డాలా ఎత్తినప్పుడు, పొక్లెయిన్ బూమ్ లేపినప్పుడు, హైడ్రా, కాంక్రీట్ పంపు బూమ్, బోరు బండి, అన్నిటికీ పైన తీగే శత్రువు. తగలక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్లినా దూకుతుంది. కనీసం మూడు మీటర్లు దూరం పెట్టండి, పెద్ద లైన్లయితే ఇంకా ఎక్కువ. తప్పనిసరిగా కిందే పని ఉంటే ముందుగా మా వాళ్ల దగ్గర ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపినట్టు అనుమతి) తీసుకోండి. "రెండు నిమిషాల పనే కదా" అని మొదలుపెట్టకండి.

లేబర్‌కి నేర్పాల్సింది: బండికి తీగ తగిలితే బండిని ముట్టుకోవద్దు, దగ్గరికి పరిగెత్తొద్దు. లోపలి ఆపరేటర్ లోపలే ఉండాలి, వీలైతే బూమ్ దించి పక్కకి తియ్యాలి. మంటలొచ్చి దిగక తప్పకపోతే రెండు కాళ్లూ దగ్గర పెట్టి బండిని తాకకుండా దూకాలి. తరవాత పాదాలు ఎడం చేయకుండా చిన్నగా జరుగుతూ వెళ్లాలి. నేలలో కూడా కరెంటు ఉంటుంది, అడుగు సాగదీస్తే రెండు పాదాల మధ్య షాక్ కొడుతుంది. 1912కి ఫోన్ చేసి లైన్ ఆపించాకే ఎవరైనా దగ్గరికి వెళ్లాలి.

ఇది చెప్పి వదిలేయకండి, దూకించండి. కుర్రాళ్లు నవ్వుతూ చేస్తారు, బాగా గుర్తుంటుంది.

పొక్లెయిన్_శీను
సూరి అన్నా, క్యాబిన్‌లోనే కూర్చోవాలనే మాట మాకు ఎవరూ చెప్పలేదు. మా సేఠ్ బండ్ల ఆపరేటర్లందరికీ ఈ పోస్టు పంపించాను.

రిగ్గర్_అప్పారావు
మధ్యాహ్నం నిద్ర! ఎవరైనా రాశారేమో అని పైనుంచి చూశాను, రాయలేదు. భోజనం అయ్యాక నీడ కావాలి. సైట్‌లో చెట్టు ఉండదు, టిప్పర్ కింద నీడ ఉంటుంది. రోడ్డు పనుల్లో ఇలా ఎంతమంది పోయారో. డ్రైవర్ వచ్చి బండి తీస్తాడు, కింద ఎవరున్నారో చూడడు. బండి స్టార్ట్ చేసేముందు చుట్టూ ఒక రౌండు తిరిగి, కింద వంగి చూసి, హారన్ కొట్టి, కాస్త ఆగి తియ్యాలి. డ్రైవర్లకి ఇది అలవాటు చేయండి. అంతకంటే ముందు నాలుగు కర్రలు పాతి ఒక తాటాకు పందిరి వెయ్యండి. పందిరి ఉంటే బండి కింద ఎవడు పడుకుంటాడు?

నల్లరేగడి
పందిరి మాట నూటికి నూరు పాళ్లు కరెక్ట్. చైతన్య పెట్టిన మొదటి కేసు చూడండి. ఆ హెల్పర్ నీళ్ల బాటిల్ పొక్లెయిన్ వెనక ఎందుకు పెట్టాడు? నీడ అక్కడే ఉంది కాబట్టి. నీళ్ల డ్రమ్ము, పందిరి, బాత్రూమ్, ఇవి బండి తిరిగే చోటుకు దూరంగా పెడితే మనిషి ఆ వైపు వెళ్లే అవసరమే రాదు. ట్రైనింగ్ ఇచ్చి, నీళ్లు మాత్రం బండి వెనకే పెడితే తప్పు లేబర్‌ది కాదు, సైట్ వేసినవాళ్లది.

కాంట్రాక్టర్_కేఎమ్ఎమ్
నేను ట్రైనింగ్‌కి వ్యతిరేకిని కాదు. ఒక్కటి అడుగుతాను, నిజాయితీగా చెప్పండి. ట్రైనింగ్ అయిన మర్నాడు క్లయింట్ ఫోన్ చేసి "శుక్రవారం లోపు వంద మీటర్లు పైపు పడాలి" అంటే మీరంతా ఏం చేస్తారు? షోరింగ్ కట్టి, సిగ్నల్ మనిషిని పెట్టి వంద మీటర్లు అవుతుందా?

సేఫ్టీ_రమణ
@కాంట్రాక్టర్_కేఎమ్ఎమ్ ఇది మంచి ప్రశ్న. అవ్వదు. షోరింగ్, సిగ్నల్ మనిషి, టిప్పర్ దారి వేరు, మనుషుల దారి వేరు, ఇవన్నీ టెండర్ లెక్క వేసేటప్పుడే రేటులో ఉండాలి. అక్కడ లేకపోతే సైట్‌లో ఎక్కడి నుంచి తెస్తారు? టిప్పర్‌వాళ్లకి ట్రిప్పుకి ఇంత అని ఇస్తారు, ఆపరేటర్‌కి గంటకి బత్తా. ట్రిప్పులు పెరిగితేనే వాళ్లకి డబ్బు. ఆ లెక్క అలాగే ఉంచి "మెల్లగా వెళ్లు" అని బోర్డు పెడితే ఎవరు వెళ్తారు? మేము ఒక పనిలో టిప్పర్లకి రోజు లెక్కన ఇచ్చి చూశాం. బండ్లు తోసుకోవడం ఆగింది. ట్రిప్పులు కాస్త తగ్గాయి, కానీ గోతి దగ్గర క్యూ, గొడవలు పోయాయి కాబట్టి పని మొత్తంగా వెనకబడలేదు.

చట్టం_చెప్పే_శాస్త్రి
ఇక్కడ ఎవరు చూస్తారు అన్న దానికి. 1996 చట్టం పది మంది కంటే తక్కువ లేని ప్రతి నిర్మాణ పనికీ వర్తించేది, సేఫ్టీ ఆఫీసర్ మాత్రం అయిదు వందల మంది ఉంటేనే. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రతా కోడ్‌లో నిర్మాణ పనులకి ఆ సంఖ్య 250. అరవై మంది సైట్‌కి ఇప్పటికీ సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి కాదు. అంతమాత్రాన యజమాని బాధ్యత పోదు. మనిషి పోతే నష్టపరిహారం కట్టాలి, కేసు కాంట్రాక్టర్ మీదా సూపర్‌వైజర్ మీదా పడుతుంది. చైతన్యా, మీ సైట్‌లో సేఫ్టీ ఆఫీసర్ లేకపోతే రేపు కాగితం మీద ఉండే పేరు నీదే.

ఇంకొకటి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18 నుంచి 60 ఏళ్ల వాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్ దానికే కడతారు. ఆ ట్రైనింగ్ పూటే నమోదుకి కావాల్సిన కాగితాలు కూడా తెప్పించండి.

పాలమూరు_బిడ్డ
శాస్త్రి గారు, నమోదు సంగతి మంచిగ గుర్తు చేశారు. మా వైపు చాలామందికి కార్డు లేదు, ఉన్నా రెన్యువల్ అయ్యి ఉండదు.

క్లీనర్_నుంచి_ఆపరేటర్
నేను క్లీనర్‌గా చేరి ఆపరేటర్ అయినవాణ్ణి, మాలో ఎక్కువ మంది ఇలాగే నేర్చుకుంటారు. ఆపరేటర్ అన్నానికి వెళ్లినప్పుడు తాళం బండికే ఉంటుంది. క్లీనర్ ఎక్కి లివర్లు లాగుతాడు. చాలా మోడళ్లలో ఒక కంపెనీ బండి తాళం చెవితో ఇంకో బండి కూడా స్టార్ట్ అవుతుంది, కాబట్టి తాళం తీసినా పూర్తిగా నమ్మకండి, క్యాబిన్ తలుపు కూడా లాక్ చేయాలి. నేర్చుకోవాలనే కుర్రాళ్లను తిట్టకండి. సెలవు రోజు, చుట్టూ ఎవరూ లేనప్పుడు, ఆపరేటర్ పక్కన ఉండి నేర్పే ఏర్పాటు చేస్తే దొంగచాటుగా ఎక్కరు. హైదరాబాద్‌లో హైటెక్స్ దగ్గర నాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) ఉంది కదా, నిర్మాణ పనుల్లో శిక్షణ ఇస్తారు. ఆసక్తి ఉన్నవాణ్ణి అక్కడ కనుక్కోమనండి.

లక్ష్మి_క్వాలిటీ
ఊళ్లో పనైతే ఇంకో సమస్య ఉంది. జేసీబీ వచ్చిందంటే చూడ్డానికి ఊరంతా వస్తుంది. 2019లో ఇంటర్నెట్ అంతా దాని మీదే జోకులు, గుర్తుందా? మా దగ్గర ఒక తాతగారు రోజూ కుర్చీ తెచ్చుకుని కూర్చునేవారు. చివరికి ఆయన్నే గేటు దగ్గర కూర్చోబెట్టి పిల్లల్ని లోపలికి రానివ్వకుండా చూడమన్నాం. అంత శ్రద్ధగా ఏ వాచ్‌మన్ చేయలేదు.

దుబాయ్_ఫోర్‌మ్యాన్
😀 తాతగారికి బ్యాంక్స్‌మ్యాన్ కార్డు ఇప్పించాలి.

పొక్లెయిన్_శీను
బండి దగ్గరికి రావాల్సి వస్తే ఎలా రావాలో ఎవరూ చెప్పలేదు. పైపు కొక్కెం తగిలించాలన్నా, లెవెల్ చూడాలన్నా రావాలి కదా. మా దగ్గర పద్ధతి ఇది. దూరంగా, నా ఎదురుగా నిలబడి చెయ్యెత్తాలి. నేను బకెట్ నేలకి దించుతాను. ఎడమ చేతి పక్కన లాక్ లివరు ఉంటుంది, అది లేపితే హైడ్రాలిక్ కట్ అవుతుంది, చెయ్యి తగిలినా బండి కదలదు. రెండు చేతులూ లివర్ల మీద నుంచి తీసి చూపిస్తాను. అప్పుడే రావాలి. వెళ్లేటప్పుడు కూడా బయటకి వెళ్లి మళ్లీ చెయ్యెత్తాలి. అతను చెయ్యి చూపేదాకా నేను లివరు దించను.

హ్యూస్టన్_కృష్ణ
శీను గారూ, ఇక్కడ పెద్ద కంపెనీలు డబ్బులు పెట్టి నేర్పించేది సరిగ్గా ఇదే.

రిగ్గర్_అప్పారావు
బకెట్ పంటికి స్లింగ్ (సరుకు ఎత్తడానికి కట్టే తీగల తాడు) తగిలించి పైపు ఎత్తడం మాత్రం ఆపించండి. కిందికి వంచితే జారిపోతుంది. ఎత్తడానికి కొక్కెం ఉన్న బండైతే దానికే తగిలించాలి, బండి ఎంత బరువు ఎత్తగలదో క్యాబిన్‌లో చార్టు చూడాలి. బూమ్ చాచినకొద్దీ ఎత్తే శక్తి తగ్గుతుంది. స్లింగ్ ప్రతి పొద్దునా చూడండి, తీగలు తెగి ముళ్లలా లేచి ఉంటే పక్కన పడేయడం కాదు, ముక్కలుగా కోసేయండి. పక్కన పడేస్తే సాయంత్రం మళ్లీ ఎవడో వాడతాడు.

పెద్ద సైట్లకి ఇవన్నీ తెలుసులే అనుకోవద్దు. 2020 ఆగస్టు 1న విశాఖ షిప్‌యార్డులో కొత్త క్రేన్‌కి లోడ్ ట్రయల్ చేస్తుంటే కూలి 11 మంది పోయారు. ఆ రోజు నుంచి నేను ట్రయల్ అంటే ఒకటే అడుగుతాను: కింద, చుట్టూ ఎంతమంది ఉన్నారు, వాళ్లలో అక్కడ పనిలేనివాళ్లు ఎవరు?

సివిల్_చైతన్య
అందరూ చెప్పినవన్నీ రాసుకున్నాను. ఇలా అనుకుంటున్నాను, తప్పులుంటే చెప్పండి.

అరవై మందినీ ఒకేసారి కాకుండా పదిహేను మంది చొప్పున నాలుగు గుంపులు. ఒడియా మాట్లాడే మేస్త్రీ ఒకరు, హిందీకి ఒకరు, తెలుగుకి నేను. మొదట పొక్లెయిన్ క్యాబిన్‌లో కూర్చోబెట్టడం, సున్నం గీత. తరవాత చెయ్యెత్తి దగ్గరికి రావడం, ప్రతి ఒక్కరి చేతా. హైడ్రాతో తాడు పట్టడం. కరెంటు తగిలితే ఎలా దూకాలో. గోతిలో నిచ్చెన, షోరింగ్. మట్టి కూలితే ఎవరూ లోపలికి దూకకూడదు, బండితో తవ్వకూడదు, 108కి ఫోన్ అని చెబుతాను. ఆపరేటర్లూ టిప్పర్ డ్రైవర్లూ అదే గుంపుల్లో కూర్చుంటారు.

పందిరి, నీళ్లు, పిల్లల గది ట్రైనింగ్ కంటే ముందే అవ్వాలని మేనేజర్‌కి రాశాను. షోరింగ్ ప్లేట్లు అద్దెకి తెప్పించేదాకా మూడు మీటర్ల మ్యాన్‌హోల్ పని మొదలుపెట్టనని కూడా రాశాను.

నల్లరేగడి
చివరి వాక్యం మెయిల్‌లోనే రాశావు కదా? నోటితో చెబితే సరిపోదు తమ్ముడూ.

సివిల్_చైతన్య
మెయిల్‌లోనే.

సేఫ్టీ_రమణ
ప్లాన్ బాగుంది. గుంపుకి పదిహేను ఎక్కువ, పది చెయ్యి, క్యాబిన్ ఎక్కడానికే టైమ్ పడుతుంది. తరవాత వచ్చే కొత్తవాళ్ల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకో. లేబర్ నెలకోసారి మారిపోతారు. కొత్త మనిషి వచ్చిన రోజే ఇదంతా చేయించే బాధ్యత ఒక పాత కార్మికుడికి అప్పగించు, దానికి రోజుకి కొంత ఎక్కువ ఇప్పించు. పొద్దున టూల్‌బాక్స్ టాక్ (పని మొదలయ్యే ముందు చెప్పే మాటలు) అయిదు నిమిషాలు చాలు. ఆ రోజు ఏ బండి ఎక్కడ పనిచేస్తుంది, ఎవరు సిగ్నల్ ఇస్తారు, మనుషులు ఏ దారిన నడవాలి. అంతే చెప్పించు.

కాంట్రాక్టర్_కేఎమ్ఎమ్
షోరింగ్ ప్లేట్లు ఎక్కడ అద్దెకి దొరుకుతున్నాయో తెలిస్తే ఇక్కడ పెట్టు చైతన్యా. వచ్చే నెల నాకు కూడా రెండు మీటర్ల లోతు పని ఉంది.

పొక్లెయిన్_శీను
చైతన్య సార్, మీ ఆపరేటర్లకి ముందు రోజే చెప్పి ఉంచండి. అరవై మంది బురద కాళ్లతో క్యాబిన్ ఎక్కుతారంటే ఎవడికైనా కోపం వస్తుంది. గుమ్మం దగ్గర ఒక గోనెపట్టా వేయించండి. అద్దాలన్నీ తుడిపించి, అద్దంలో ఎంత కనిపిస్తుందో కూడా చూపించండి.